టీ-ఎస్ పటంలో నీటి మిశ్రమం సాంద్రత: పిల్లలకు కళ్లకు కట్టేలా చూపడం ఎలా?

న్యూజెర్సీలో నలుగురు హైస్కూలు విద్యార్థుల జట్టుకు, 1998లో మొదలైన నేషనల్ ఓషన్ సైన్సెస్ బౌల్ (అమెరికా హైస్కూలు పిల్లల సముద్రశాస్త్ర క్విజ్ పోటీ) పద్ధతిలో సముద్రశాస్త్రం సాధన చేయిస్తున్నాను. బజర్ ప్రశ్నల్లో ఇబ్బంది లేదు. అందరూ కలిసి రాసే జట్టు ప్రశ్నల్లో, ఒక అక్షం మీద ఉష్ణోగ్రత, ఇంకో అక్షం మీద లవణీయత (ఉప్పుదనం) చూపే టీ-ఎస్ పటం వచ్చినప్పుడల్లా ఒకే చోట తడబడుతున్నారు. ఉష్ణోగ్రత, లవణీయత వేరైనా ఒకే సాంద్రత గల రెండు నీళ్లు కలిస్తే, పటంలో సమసాంద్రత రేఖలు (ఒకే సాంద్రత గల బిందువులను కలిపే గీతలు) వంపు తిరిగి ఉండటం వల్ల, మిశ్రమం రెండింటికన్నా బరువెక్కుతుందని చెప్పినా, "సమానం, సమానం కలిస్తే సమానమే కదా" అని నలుగురూ ఒకే మాట అంటున్నారు.

రేఖలు గీయించాను, రెండు బిందువులను స్కేలుతో కలిపి మధ్యబిందువు గుర్తింపజేశాను. అప్పటికి ఒప్పుకున్నారు గానీ, వారం తిరక్కుండానే మళ్లీ అదే తప్పు. తర్వాత 0, 8 డిగ్రీల సెల్సియస్ మంచినీళ్లు సమంగా కలిపి 4 డిగ్రీల మిశ్రమం చేశాం. సాంద్రత పెరుగుదల ఘనమీటరుకు దాదాపు 0.13 కిలోలే కావడంతో, 0.001 (అంటే ఘనమీటరుకు సుమారు 1 కిలో) చొప్పున గీతలున్న అక్వేరియం హైడ్రోమీటరులో (నీటి సాంద్రత కొలిచే పరికరం) మార్పేమీ కనబడలేదు. రంగు వేసి చూస్తే, గ్లాసులో అంతా కలగాపులగమైంది.

ఇంత చిన్న సాంద్రత తేడా కంటికి కనిపించేలా, ఇంట్లో దొరికే సామానుతో చేయగల ప్రయోగం ఏదైనా మీరు స్వయంగా చేసి చూశారా?