హోలోగ్రామ్‌లో డేటా దాచడం: ఇంకా ఆశ ఉందా, వదిలేయొచ్చా?

అనంతపురం_స్టూడియో: అన్నా, పెళ్లి ఫోటోలున్న నా 2 టీబీ హార్డ్ డిస్క్ మొన్న టక్ టక్‌మని కొట్టుకుని ఆగిపోయింది, పెళ్లివాళ్లకి ఏం చెప్పాలో తెలీక మూడు రోజులుగా టెన్షన్. హోలోగ్రామ్ డిస్క్ వచ్చుంటే ఈ బాధ ఉండేది కాదంటాడు మా ఫ్రెండ్. వట్టి కోతలా, నిజంగా సరుకుందా?

కడప_లేజర్: కోతలు కాదు. సీడీల్లో, డీవీడీల్లో డేటా పల్చటి పొరలో ఉంటుంది, ఇక్కడ పదార్థం మందమంతా వాడుకుంటాం. ఒక లేజర్ కిరణం డేటాని లక్షల చుక్కలుగా పరిచిన పేజీని మోసుకొస్తుంది, ఇంకోటి ఖాళీగా వచ్చి దాంతో కలుస్తుంది, అప్పుడు పడే చారలు లోపల అచ్చవుతాయి. రెండో కిరణం కోణం రవ్వంత మారిస్తే అదే చోట ఇంకో పేజీ! చదివేటప్పుడు మళ్లీ అదే కోణంలో వేస్తేనే ఆ పేజీ వస్తుంది. వాన్ హీర్డెన్ అనే శాస్త్రవేత్త 1963లోనే చెప్పాడు ఇది.

కర్నూలు_సర్వీస్: అప్పట్నుంచీ చెప్తానే ఉన్నారు కదా సామీ. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థ నుంచి పుట్టిన ఇన్‌ఫేజ్ కంపెనీ 300 జీబీ హోలోగ్రామ్ డిస్క్ అని ఊరించి ఊరించి 2010లో చేతులెత్తేసింది, అప్పటికే హార్డ్ డిస్కులు టెరాబైట్లు దాటాయి. ఇప్పుడు కంపెనీలు బ్యాకప్‌కి వాడే ఎల్‌టీఓ-9 మాగ్నెటిక్ టేపు ఒక్కటే 18 టీబీ. పైగా హోలోగ్రామ్‌లు రాయడానికి వాడే, ఇనుము కలిపిన లిథియం నియోబేట్ స్ఫటికంలో రాసింది, చదవడానికి వేసే వెలుగుకే కొంచెం కొంచెం చెరిగిపోతుంది. చదివేకొద్దీ చెరిగే దస్తావేజు ఎవరు పెట్టుకుంటారు?

కడప_లేజర్: వేడి చేసి దాన్ని నిలబెట్టొచ్చన్నా. ఇన్‌ఫేజ్ వాళ్లది ఫోటోపాలిమర్, అంటే వెలుగు పడితే మారే ప్లాస్టిక్ లాంటి పదార్థం, ఆ చెరుగుడే లేదు. (కాకపోతే రాసేటప్పుడు కాస్త ముడుచుకుంటుంది, అది వేరే తలనొప్పి.) ధర సంగతి నేను వాదించను, కానీ మీరు దాచడం ఒక్కటే చూస్తున్నారు. వెతకాల్సిన బొమ్మనే కిరణంగా వేసి చూడండి, అది ఏ పేజీని ఎంత పోలితే ఆ పేజీ కోణంలో అంత వెలుగు వస్తుంది, పేజీలన్నిటితో ఒకే దెబ్బకి పోల్చడం! నా దృష్టిలో అసలు సరుకు అదే.

కర్నూలు_సర్వీస్: వెతుకుడు ఒప్పుకుంటా. కానీ బొమ్మ వేసే తెరా, వెలుగు కొలిచే కెమెరా మామూలు ఎలక్ట్రానిక్సే కదా, వేగం అక్కడే ఇరుక్కుంటుంది. రాసేటప్పుడు బల్ల అదిరిందా, చారలు అలుక్కుపోతాయి. మా షాపు ముందు ఆర్టీసీ బస్సు పోతే చాలు, టేబుల్ మీద స్క్రూలు దొర్లుతాయి.

అనంతపురం_స్టూడియో: మీ చారలు తర్వాత, ముందు నా ఫోటోలు! రేపు కర్నూలు బస్సెక్కుతా, చూస్తావా అన్నా?

కర్నూలు_సర్వీస్: రా తమ్ముడూ. అంతలోపు దానికి మళ్లీ కరెంటు మాత్రం పెట్టొద్దు.