టైసన్స్‌లో ఉద్యోగం: ఇల్లు మెట్రో పక్కన తీసుకోవాలా, దూరంగానా?

నల్లగొండ (వచ్చి పన్నెండు రోజులు):
అందరికీ నమస్కారం. అమెరికాలో వాషింగ్టన్ దగ్గర, వర్జీనియాలోని టైసన్స్‌లో ఉద్యోగం. నేను, నా భార్య, మూడేళ్ల పాప ప్రస్తుతం హెర్న్‌డన్‌లో స్నేహితుడి ఇంట్లో ఉంటున్నాం. కారు లేదు, లైసెన్సూ లేదు. స్టేషన్‌ను ఆనుకుని ఉన్న భవనాల్లో అద్దె అడిగితే గుండె గుభేలుమంది. రెండు మైళ్లు లోపలికి వెళ్తే బాగా తగ్గుతోంది. ఏడాది వరకే చూస్తున్నాం. ఏది మేలు?

మిర్యాలగూడ, ఇప్పుడు ఆష్‌బర్న్:
తమ్ముడూ, అద్దె డబ్బు గోదావరిలో పోసినట్టే. ఏడాది ఓపిక పట్టి ఇల్లు కొనుక్కో. మేం కొన్నప్పుడు ఇక్కడ రైలు కాగితం మీద గీత మాత్రమే. 2022 నవంబరులో వచ్చింది. స్టేషన్ వచ్చిందంటే రేటు పెరిగి తీరుతుంది. ఎల్బీనగర్ చూడలేదా? 2018 సెప్టెంబరులో మెట్రో వచ్చాక మా మేనమామ పైవాటా అద్దె రెండుసార్లు పెంచాడు, ఒక్కరూ ఖాళీ చేయలేదు.

దేవరకొండ, ఇప్పుడు ఆర్లింగ్టన్:
ఆయన అద్దె గురించి అడిగితే మీరు ఇల్లు కొనిపిస్తున్నారు. పైగా మీ ఆష్‌బర్న్‌ను రైలు పెంచలేదండీ. ఆష్‌బర్న్ ఉన్న లౌడన్ కౌంటీ (మన జిల్లా లాంటిది) జనాభా 2000లో 1,69,599. 2020లో 4,20,959. రైలు ఆ తర్వాత రెండేళ్లకు వచ్చింది. జనం కార్లలో వచ్చారు, ఇళ్లూ కార్లను చూసే కట్టారు. స్టేషన్‌ను టోల్ రోడ్డు నడిమధ్యన పెట్టారు. దిగి వంతెన దాటితే ముందు ఎదురయ్యేది కార్లు నిలిపే భవనం. ఇక లౌడన్ గేట్‌వే స్టేషన్ చుట్టూ విమానాల మోత వల్ల ఇళ్లకు అనుమతే లేదు. దగ్గర్లో ఉన్నవి డేటా సెంటర్లు. అవి రైలెక్కవు కదా.

మా ఆర్లింగ్టన్ కౌంటీలో కథ వేరు. రైలును హైవే మధ్యలోంచి తీసుకెళ్దామంటే కౌంటీ ఒప్పుకోలేదు. విల్సన్ బులెవార్డ్ కింద సొరంగంలోంచి రావాలని పట్టుబట్టింది. రాస్లిన్ నుంచి బాల్‌స్టన్ దాకా ఐదు స్టేషన్లు. స్టేషన్ నెత్తిన ఎత్తైన భవనాలు, దూరం జరిగేకొద్దీ ఎత్తు తగ్గుతూ, నాలుగు వీధులు దాటితే పెరడున్న ఇళ్లు. 1970లో 1,74,284 మంది ఉన్న కౌంటీ 1980కి 1,52,599కి పడిపోయింది. 2020కి 2,38,643 అయింది. కొత్తవాళ్లలో చాలామందిని ఆ స్టేషన్ల దగ్గరి భవనాలే మోశాయి. ఆ పెరటి ఇళ్లను మాత్రం ముట్టుకోనివ్వలేదు, అందుకే వాటి ధర మన చేతికి అందదు. రేటు రైలును బట్టి కాదు, దాని చుట్టూ ఏం కట్టనిస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది.

జడ్చర్ల, ఇప్పుడు రెస్టన్:
జనాభా లెక్కలు పక్కన పెట్టండి. నా అనుభవం వినండి. "మెట్రోకు నడిచే దూరం" అన్న ప్రకటన చూసి ఒక అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. మ్యాపులో గీత గీస్తే నిజంగా దగ్గరే. నడవబోతే ఆరు వరుసల రోడ్డు, దాటడానికి ఒక్కటే సిగ్నల్, కాలిబాట సగం దాకా వచ్చి గడ్డిలో కలిసిపోతుంది. మంచు పడిన రోజు మా ఆవిడ పాపను ఎత్తుకుని ఆ గడ్డిలో నడిచింది. కారు కొన్నాక తెలిసింది, పార్కింగ్‌కు నెలనెలా వేరే రుసుము. ఖాళీ చేసేటప్పుడు అసలు తమాషా. వంటగట్టు మీద ఆవకాయ జాడీ పెట్టినచోట పసుపురంగు వలయం పడింది. నిమ్మచెక్కతో రుద్దాం, సోడాతో రుద్దాం, పోలేదు. ఆ వలయానికి గట్టంతా మార్చాలని మొత్తం డిపాజిట్ పట్టుకున్నారు. ముప్పై రోజుల్లో తిరిగివ్వాలన్నది చట్టం, 52వ రోజున ఉత్తరం వచ్చింది.

దేవరకొండ, ఇప్పుడు ఆర్లింగ్టన్:
వర్జీనియాలో ముప్పై కాదు, 45 రోజులు. డిపాజిట్ రెండు నెలల అద్దెకు మించకూడదు.

జడ్చర్ల, ఇప్పుడు రెస్టన్:
45 అయినా 52 ఎక్కువే కదా! అదే రాసి పంపితే సగం వచ్చింది. కొత్తవారూ, తాళం తీసుకున్న రోజే వంటగట్టు ఫోటోలు తీయండి. జాడీ కింద పళ్లెం పెట్టండి.

మిర్యాలగూడ, ఇప్పుడు ఆష్‌బర్న్:
ఎన్ని చెప్పినా స్టేషన్ పక్కన భూమి ఎక్కడైనా బంగారమే. చిట్యాలలో మా ప్లాటుకు కూడా స్టేషన్ కూతవేటు దూరమే.

జడ్చర్ల, ఇప్పుడు రెస్టన్:
కూత వినపడుతుంది సరే, మీకు పనికొచ్చే బండి ఆగుతుందా? మా పాలమూరు వైపూ అంతే. పట్టాలు షాద్‌నగర్ మీదుగానే పోతాయి, ప్లాట్లు అమ్మేవాడు మాత్రం హైవేనే చూపిస్తాడు. మా నాన్న కొన్న ప్లాటులో ఇప్పటికీ తుమ్మచెట్లే.

మిర్యాలగూడ, ఇప్పుడు ఆష్‌బర్న్:
ఆ తుమ్మచెట్లతో సహా నాకు అమ్మేయండి, రేపే బయానా ఇస్తాను.

నల్లగొండ (వచ్చి పన్నెండు రోజులు):
అందరికీ ధన్యవాదాలు. స్టేషన్‌కు పావు మైలు దూరంలో కాస్త పాత భవనం ఒకటి దొరికింది. కొత్త భవనాలంత అద్దె లేదు. శనివారం పాపను తోపుడు బండిలో కూర్చోబెట్టుకుని అక్కడి నుంచి స్టేషన్ దాకా నడిచి చూస్తాం.

జడ్చర్ల, ఇప్పుడు రెస్టన్:
శనివారం వద్దు. సోమవారం ఉదయం ఎనిమిదింటికి నడవండి. ఆ సిగ్నల్ దగ్గర ఎంతసేపు నిలబడ్డారో వచ్చి ఇక్కడ రాయండి.