కొవిడ్ కేసులు తగ్గాక టీకా రెండో డోసు అవసరమా? బులెటిన్ చూసి నిర్ణయించుకోవచ్చా?

పరకాల పత్తి రైతు (2021 డిసెంబరు 6)
కొవిషీల్డ్ మొదటి డోసు వేసుకున్న తర్వాత నాకు 84 రోజుల గడువు ఎప్పుడో దాటిపోయింది. పత్తి ఏరే పనిలో పడి రెండో డోసును వాయిదా వేస్తూ వచ్చాను. ఇప్పుడు రాష్ట్రమంతటికీ కలిపి రోజుకు రెండు వందల అటూ ఇటూ కేసులు వస్తున్నాయని ఆరోగ్యశాఖ రోజువారీ బులెటిన్ చెబుతోంది. అందులో మన హనుమకొండ జిల్లా పేరు పక్కన ఉండే అంకె చాలా చిన్నది. టీకా వేసుకున్నాక జ్వరం వస్తే కూలీ పోతుంది, పైగా కూలీలు దొరకని కాలమిది. అంకె మళ్లీ పెరిగినప్పుడు వేసుకుంటే సరిపోదా? తెలిసినవారు చెప్పగలరు.

లెక్కల సారు, హనుమకొండ
బులెటిన్‌లో ముందుగా చూడవలసింది కేసుల అంకె కాదు, ఆ రోజు చేసిన పరీక్షల అంకె. నలభై వేల పరీక్షల్లో రెండు వందల కేసులు బయటపడితే అర శాతం, ఇరవై వేల పరీక్షల్లో అన్నే బయటపడితే ఒక శాతం. ఆదివారం పరీక్షలు తగ్గుతాయి కాబట్టి ఆ రోజు కేసులూ తగ్గినట్టు కనిపిస్తాయి. అది చూసి సంతోషించేవారిని నేను మా వీధిలోనే చూశాను. అయితే మీ ప్రశ్నకు ఇంతకంటే ముఖ్యమైన జవాబు వేరే ఉంది. 2021 ఫిబ్రవరిలో కూడా మన రాష్ట్రంలో రోజుకు రెండు వందల లోపే కేసులు వచ్చాయి. ఏప్రిల్ 26న అవి పది వేలు దాటాయి. మధ్యలో గడిచింది రెండు నెలలే. ఈరోజు బులెటిన్‌లో కనిపించే మనిషికి వైరస్ సోకి దాదాపు వారం అయి ఉంటుంది, రెండో డోసు వేసుకున్నాక పూర్తి రక్షణ రావడానికి మరో రెండు వారాలు పడుతుంది. అంకె పెరిగాక బయలుదేరిన మనిషి ఎప్పుడూ దాని వెనుకనే ఉంటాడు.

భూపాలపల్లి గని కార్మికుడు
మా వాళ్లలో చాలామంది రెండు డోసులూ వేసుకున్నారు. ఒకరోజు ఒళ్లు నొప్పులు తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. వేసుకోండి అన్నా.

కాజీపేట జంక్షన్
సారు గారు పరీక్షల అంకెతో కేసుల అంకెను భాగిస్తున్నారు. రెండూ తప్పే అయినప్పుడు భాగహారం ఎంత చక్కగా చేస్తే మాత్రం ఏం లాభం? గత నెలలో నేను ఇంట్లో కూర్చుని ఉండగా, నా రెండో డోసు విజయవంతంగా పూర్తయిందని ఫోనుకు సందేశం వచ్చింది. ధ్రువపత్రం డౌన్‌లోడ్ చేసి చూస్తే బ్యాచ్ నంబరు, తేదీ, టీకా వేసినవారి పేరుతో సహా అన్నీ ఉన్నాయి. సూది మాత్రం నా చేతికి తగలలేదు. ఇన్ని కోట్ల డోసులు పూర్తయ్యాయని రోజూ ప్రకటిస్తున్నారు కదా, అందులో నా వంటి వారు ఎందరున్నారో ముందు ఆ లెక్క చెప్పండి.

నర్సంపేట ఏఎన్‌ఎం
తమ్ముడూ, ఇది ఎలా జరుగుతుందో నేను చెబుతాను. ఒకే ఫోను నంబరు మీద నలుగురి పేర్లు నమోదు చేయవచ్చు. తండాల్లో శిబిరం పెట్టినప్పుడు నెట్‌వర్కు ఉండదు కాబట్టి పేర్లు కాగితం మీద రాసుకొని, సాయంత్రం నెట్‌వర్కు ఉన్న చోటికి వచ్చి టీకాల నమోదు పోర్టల్ కొవిన్‌లో ఎక్కిస్తాము. అక్కడ ఒకరికి బదులు మరొకరి పేరు మీద నొక్కితే మీకు ఆ సందేశం వస్తుంది. లక్ష్యం పూర్తి చేయాలన్న ఒత్తిడి మా మీద లేదని కూడా నేను అనను. కానీ సందేశం తప్పుగా వచ్చినంత మాత్రాన సీసాలో ఉన్న మందు తప్పు కాదు. డెల్టా రకం వైరస్ విషయంలో బ్రిటన్‌లో చేసిన పరిశీలనలో, కొవిషీల్డ్‌గా మనకు ఇస్తున్న అదే టీకా ఒక్క డోసుతో లక్షణాలున్న జబ్బు నుంచి దాదాపు మూడో వంతు రక్షణ మాత్రమే ఇచ్చింది. రెండు డోసులతో అది మూడింట రెండు వంతులకు చేరింది.

కాజీపేట జంక్షన్
అక్కా, నేను అడిగింది మందు గురించి కాదు, సందేశం గురించి. మీరు మందు గురించి జవాబిచ్చారు.

లెక్కల సారు, హనుమకొండ
సందేశాల్లో పొరపాట్లు ఉన్నాయని ఒప్పుకున్నా, అవి మొత్తంలో ఎంత శాతమో తెలియకుండా మొత్తం లెక్కనే కొట్టివేయడం శాస్త్రీయం కాదు. పొరపాటు ప్రతిరోజూ ఒకే తీరుగా ఉంటే, అంకె పెరుగుతోందా తగ్గుతోందా అన్న సంగతి అప్పటికీ తెలుస్తుంది. బులెటిన్‌తో మనకు పని అంతే.

జనగామ వాసి
రేషన్, పింఛను ఆపుతారని మొన్న ఒక వార్త వచ్చింది. ఆరోగ్యశాఖ అది నిజం కాదని చెప్పేలోపే మా ఊరిలో సగం మంది భయపడి వేసుకున్నారు. అదీ ఒకందుకు మంచిదేనేమో.

కాజీపేట జంక్షన్
భయపెట్టి వేయించడం మంచిదే అనేవారికి నేను జవాబు చెప్పను. సారు గారికి మాత్రం చెబుతాను. పొరపాటు ప్రతిరోజూ ఒకే తీరుగా ఉంటుందని మీకు ఎవరు చెప్పారు? 2020 ఏప్రిల్‌లో ఆసుపత్రికి తెచ్చేసరికే చనిపోయినవారికి పరీక్ష చేయనవసరం లేదన్నారు, మే నెలలో హైకోర్టు చేయాలని ఆదేశించింది. జిల్లాలవారీ వివరాలు ఇవ్వండని అదే కోర్టు ఎన్నిసార్లు అడగవలసి వచ్చిందో అప్పటి పత్రికలు తిరగేస్తే తెలుస్తుంది. జబ్బు విజృంభించిన రోజుల్లోనే, 2021 ఏప్రిల్ 30న, మన వరంగల్ మహానగరపాలక సంస్థకు పోలింగు జరిపారు. అంకెలు ముందు పెట్టుకొని నిర్ణయాలు తీసుకోవాలని మాకు చెప్పేవారు ఆ రోజు ఏ అంకె చూసి నిర్ణయం తీసుకున్నారు? ఇప్పుడేమో ఇంటింటికీ తిరుగుతున్నారు. లెక్క నూరు శాతం కావాలి కాబట్టి వస్తున్నారు. మాకు అవసరమైనప్పుడు మీరంతా ఎక్కడున్నారు?

నర్సంపేట ఏఎన్‌ఎం
మేము ఎక్కడున్నామని అడుగుతున్నారా? ఆ మే నెలలో జ్వర సర్వే కోసం ఇంటింటికీ తిరిగాము. మందుల కిట్లు సంచిలో వేసుకొని, ఆశా కార్యకర్తను వెంటబెట్టుకొని, ఎండలో గడప గడపకూ వెళ్లి జ్వరం ఉందా, దగ్గు ఉందా అని అడిగితే, జబ్బు మీరే తెస్తున్నారని తలుపులు వేసుకున్నవారు ఉన్నారు. నాకూ అప్పుడే కొవిడ్ వచ్చింది, నా వల్ల మా అత్తమ్మకూ వచ్చింది. టీకా వేయడానికి వెళితే కుక్కను వదిలిన ఇల్లు కూడా నాకు గుర్తుంది. శాతాల కోసం తిరిగేవాళ్లం అన్న మాట ఎవరు అన్నా పడతాను కానీ, చదువుకున్నవారు అంటే పడను.

నిర్వాహకులు
వ్యక్తిగత నిందలు వద్దు. విషయం మీద మాట్లాడండి.

కాజీపేట జంక్షన్
విషయమే మాట్లాడుతున్నాను. ఏప్రిల్ చివరలో మా బాపుకు జ్వరం వచ్చింది. ర్యాపిడ్ పరీక్ష చేస్తే నెగెటివ్ అన్నారు. లక్షణాలుండి ర్యాపిడ్ నెగెటివ్ వస్తే ఆర్‌టీపీసీఆర్ చేయాలన్నది నియమమని నాకు తర్వాత తెలిసింది, అప్పుడు ఎవరూ చెప్పలేదు. ఊపిరి ఆడకపోతే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాము. సీటీ స్కాన్ చూసి ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయని, కొవిడ్ వార్డులోనే ఉంచాలని చెప్పారు. కొవిడ్ వార్డు ధర ప్రకారమే బిల్లు వేశారు. మే నెలలో ఆయన పోయిన తర్వాత ఇచ్చిన కాగితంలో మాత్రం గుండె, శ్వాస ఆగిపోవడం వల్ల మరణం అని రాశారు. మరునాడు నేను బులెటిన్‌లో మరణాల అంకె చూశాను. అందులో మా బాపు లేడు. రాష్ట్రంలో ఇప్పటికి దాదాపు నాలుగు వేల మంది చనిపోయారంటున్నారు, అందులోనూ లేడు. బిల్లు కట్టేటప్పుడు కొవిడ్, లెక్క రాసేటప్పుడు కాదు.

లెక్కల సారు, హనుమకొండ
మీ బాధ అర్థమైంది. కానీ ఒక్క కుటుంబం అనుభవం ఆధారంగా రాష్ట్ర గణాంకాలను తోసిపుచ్చలేము.

ములుగు వాసి
సారు, ఈ సమయంలో అనవలసిన మాటేనా అది?

కాజీపేట జంక్షన్
అననివ్వండి. ఆయన మొదటి నుంచీ అదే అంటున్నారు, నేనే ఇప్పుడు సూటిగా చెబుతాను. టీకా పనిచేయదని ఈ చర్చలో నేను ఒక్కచోట కూడా అనలేదు, మొదటి డోసు నేనూ వేసుకున్నాను. మా బాపును లెక్కలో రాయనివారు నన్ను మాత్రం వేయకుండానే లెక్కలో రాసుకున్నారు. చావు తగ్గించి, డోసు పెంచి చూపుతున్న ఆ పుస్తకానికి నా చేయి ఇవ్వను. నా అభ్యంతరం ఇంతే.

నర్సంపేట ఏఎన్‌ఎం
ఇది మొదటి రోజే చెప్పి ఉంటే మనం ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు. తమ్ముడూ, మీ కోపం న్యాయమైనదే. కానీ పుస్తకం మీద కోపంతో డోసు మానేస్తే ఆ శిక్ష పుస్తకానికి పడదు. మీ ఇంట్లో అవ్వ ఉన్నారా? ఆమెకు రెండో డోసు అయిందా? కొత్త రకం ఒమిక్రాన్ డిసెంబరు 2న కర్ణాటకలో బయటపడింది. మన దగ్గర ఇంకా లేదు కానీ, ఫిబ్రవరిలో మేడారం జాతర ఉంది. ఈ రెండూ మీ కాగితం సరయ్యేదాకా ఆగవు.
మరొక సంగతి. కేంద్రం సెప్టెంబరు 3న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఆసుపత్రిలో చేర్చుకొని వైద్యపరంగా కొవిడ్ అని తేల్చిన కేసులు కూడా లెక్కలోకి వస్తాయి. పాజిటివ్ కాగితం ఒక్కటే ఆధారం కానవసరం లేదు. ధ్రువపత్రంలో రాసిన కారణం మీద అభ్యంతరం ఉంటే జిల్లా కమిటీ విచారించాలి. సుప్రీంకోర్టు అక్టోబరు 4న ఆమోదించిన 50,000 రూపాయల పరిహారానికి మీసేవలో దరఖాస్తు చేయవచ్చు. సీటీ స్కాన్, డిశ్చార్జి పత్రం, బిల్లు పారవేయకండి.

కాజీపేట జంక్షన్
యాభై వేల కోసం నేను అడగడం లేదు. అవ్వకు రెండో డోసు కాలేదు, నేను వేసుకోకపోవడం చూసి ఆమె కూడా వద్దంది. ఆమెను తీసుకువెళతాను. నా సంగతి వేరు. కొవిన్‌లో నాకు రెండూ పూర్తయ్యాయని ఉంది కదా, ఇప్పుడు నిజంగా వేసుకుంటే దాన్ని ఎక్కడ రాస్తారు?

నర్సంపేట ఏఎన్‌ఎం
మా రిజిస్టరులో రాస్తాము. తప్పు సరిచేయమని ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి.

కాజీపేట జంక్షన్
అంటే వేసుకోనప్పుడు వేసుకున్నట్టు, వేసుకున్నప్పుడు వేసుకోనట్టు. బాగుంది.

లెక్కల సారు, హనుమకొండ
గణాంకాలను తోసిపుచ్చలేమని నేను అన్నది అవి సరిగ్గా ఉన్నాయని కాదు. సరిచేయించే దారి ఉందని. జూన్ నెలలో బీహార్ ప్రభుత్వం, పట్నా హైకోర్టు గట్టిగా అడిగిన తర్వాత, జిల్లాలవారీగా లెక్క తిరగతోడి ఒక్కసారే 3,951 మరణాలను కలిపింది. వారి మొత్తం 9,429కి చేరింది. ఎక్కడికక్కడ కుటుంబాలు అడిగితేనే అటువంటివి కదులుతాయి. మీరు దరఖాస్తు చేస్తే మన అంకె ఒకటి పెరుగుతుంది, అది పెరగాలనే నేను కోరుకుంటాను.

కాజీపేట జంక్షన్
ఒకటి కాదు సారు. మా వాడకట్టులో ఆ నెలలోనే పోయినవారు ఇంకా ఉన్నారు. పేర్లు, ఆసుపత్రులు, తేదీలు అన్నీ రాసి పెట్టాను. ఆ జాబితా ఎవరికివ్వాలి?

నర్సంపేట ఏఎన్‌ఎం
జాబితాగా ఇస్తే పని కాదు తమ్ముడూ. ఏ కుటుంబానికి ఆ కుటుంబం మీసేవలో వేర్వేరుగా దరఖాస్తు చేయాలి. కాగితాలు ఎలా పెట్టాలో తెలియనివారికి మీరు దగ్గరుండి రాసివ్వండి.

పరకాల పత్తి రైతు
నేను బుధవారం వేసుకుంటున్నాను. అక్కా, మొదటి డోసు పరకాలలో వేసుకున్నవారు రెండోది ఏనుమాముల మార్కెట్‌కు వచ్చిన రోజున వరంగల్‌లో వేసుకోవచ్చా?

నర్సంపేట ఏఎన్‌ఎం
వేసుకోవచ్చు అన్నా. కొవిషీల్డ్ ఉన్న కేంద్రమో కాదో చూసుకోండి. ఆధార్, మొదటి డోసుకు ఇచ్చిన ఫోను నంబరు తీసుకువెళ్లండి.