తెలియని మనిషిని ఇంట్లో పడుకోబెట్టడం విశ్వాసమా, తెలివితక్కువతనమా?

గుమ్మం_ముందు:
అందరికీ వందనాలు. పోయిన వారం రాత్రి కూడిక అయ్యాక ఒకాయన మందిరం మెట్ల మీద కూర్చుని కనిపించాడు. ఊరికి కొత్త, ఆఖరి బండి తప్పిపోయిందన్నాడు. మా ఇంటికి తీసుకొచ్చాను. హాల్లో పడుకుని, తెల్లారి ప్రార్థన చేసుకుని వెళ్ళిపోయాడు. ఏమీ పోలేదు, ఏమీ జరగలేదు. కానీ అప్పటినుంచి ఇంట్లో మాటల్లేవు. హెబ్రీ 13:2లో ఆతిథ్యం మరవొద్దు, అలా చేసి కొందరు తెలియకుండానే దేవదూతలను చేర్చుకున్నారు అని ఉంది కదా, అది ఆజ్ఞా, సలహానా? లాడ్జికి డబ్బులిచ్చి పంపితే సరిపోయేదా?

మమ్రే_నీడ:
బ్రదర్, మీరు చేసింది నూటికి నూరుపాళ్ళు సరైనది. మనం 'ఆతిథ్యం' అని చదువుకునే చోట గ్రీకులో ఉన్న మాట ఫిలొక్సెనియా. క్సెనొస్ అంటే పరాయివాడు. పరాయివాడి మీద ప్రేమ అన్నమాట. చుట్టాల్నీ స్నేహితుల్నీ పిలిచి పెట్టుకునే విందు గురించి కాదు. లూకా 14లో ప్రభువు ఆ విందులనే వద్దన్నాడు, వాళ్ళు మిమ్మల్ని తిరిగి పిలుస్తారు గనుక. ఇక లాడ్జి డబ్బుల సంగతి: సుమారు క్రీ.శ. 400లో కాన్‌స్టాంటినోపుల్ బిషప్ జాన్ క్రిసోస్టమ్ తన ప్రసంగంలో, సంఘానికి సత్రం ఉంది కదా అని తప్పుకోకండి, మీ ఇంట్లోనే పరదేశికి ఒక గది ఉంచండి అని గట్టిగా చెప్పాడు. డబ్బులిచ్చి చేతులు దులుపుకోవడం కొత్త జబ్బేం కాదు.

లేఖనజల్లెడ:
మాట విడగొట్టి అర్థం చెప్పే ముందు పై వచనం చూడాలి కదండీ. 13:1 సహోదరప్రేమ గురించి. దాని వెంటనే 13:2. అంటే ఇక్కడ పరాయివాడంటే ముఖం తెలియని విశ్వాసి, ఊరూరా తిరిగే సువార్తికుడు. మూడో యోహాను చదవండి. గాయు అనే విశ్వాసి చేర్చుకున్నది అలాంటివాళ్ళనే, సంఘంలో పెత్తనం చేసే దియొత్రెఫే పొమ్మన్నది అలాంటివాళ్ళనే. మత్తయి 25:40లో, వీళ్ళలో ఒక్కడికి చేసినా నాకు చేసినట్టే అని ప్రభువు అన్నచోట కూడా 'నా సహోదరులు' అనే ఉంది. దారిన పోయే ప్రతివాడూ అని లేదు.
ఇంకోటి. ప్రభువు చెప్పిన కథలో మంచి సమరయుడు దారిలో గాయపడి ఉన్నవాణ్ణి ఇంటికి తీసుకెళ్ళలేదు. పూటకూళ్ళవాడికి రెండు దేనారాలు, అంటే వెండి నాణేలు, ఇచ్చాడు. మీరు జబ్బు అన్నారే, అది అదే.

మమ్రే_నీడ:
సమరయుడు ప్రయాణంలో ఉన్నాడు సార్. ఆయన ఇల్లు అక్కడ లేదు. పైగా ఆ రాత్రి పక్కనే ఉండి తానే చూసుకున్నాడు, దేనారాలు ఇచ్చింది మర్నాడు. ఆదికాండం 18లో అబ్రాహాము సంగతి ఏమంటారు? ఎండపూట ముగ్గురు మనుషులు కనిపిస్తే పరుగెత్తాడు. మీరు ఏ సంఘ సభ్యులు అని అడిగాడా?

లేఖనజల్లెడ:
అబ్రాహాము ఆజ్ఞ కాదు, ఉదాహరణ. 25:40కి జవాబు చెప్పండి.

నిశ్శబ్ద_పాఠకుడు:
ఈ మధ్య పేపర్ చదివితే ఎవరూ తలుపు తియ్యరు బ్రదర్. అంతే.

లేఖనజల్లెడ:
తొలి సంఘం కూడా కళ్ళు మూసుకుని తలుపులు తెరవలేదు. డిడాకే అని తొలి క్రైస్తవుల చిన్న పుస్తకం ఒకటుంది. దాని రాతప్రతి 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో బయటపడింది, అచ్చయింది 1883లో. అపొస్తలుడు, అంటే ఊరూరా తిరిగే బోధకుడు, వస్తే ఒకరోజు ఉంచుకోండి, అవసరమైతే రెండు. మూడో రోజూ ఉన్నాడంటే అబద్ధ ప్రవక్త. పోతూ పోతూ డబ్బులడిగినా అబద్ధ ప్రవక్తే. మామూలు బాటసారికి రెండు మూడు రోజులు, అక్కడే ఉండిపోతానంటే పని చేసుకుని తినాలి.
నాకు ఈ నియమం అప్పుడు తెలిసుంటే బాగుండేది. ఒకాయన పరిచయ ఉత్తరం పట్టుకుని రెండు రోజులకని వచ్చి మా ఇంట్లో పదకొండు వారాలున్నాడు. ఉత్తరం కూడా ఆయన రాసుకున్నదేనని తర్వాత తెలిసింది.

మమ్రే_నీడ:
ఓహో, ఇదా సంగతి. ఒక్కడు మోసం చేశాడని వచనానికి తాళం వేస్తున్నారు. బెనెడిక్టు అనే సన్యాసి తన మఠాల నియమావళిలో, 53వ అధ్యాయంలో, వచ్చిన ప్రతి అతిథినీ క్రీస్తులా చేర్చుకోమన్నాడు, ఆరో శతాబ్దంలో. దొంగలు అప్పుడు లేరా? మనది సుఖం మరిగిన క్రైస్తవం. ఇంట్లో ఆడవాళ్ళు సణుగుతారు, మనం వచనాలు సవరించుకుంటాం. సణుగుకోకుండా ఆతిథ్యం చెయ్యమని పేతురు ఊరికే రాశాడా?

మార్తపక్షం:
చదువుతూ ఊరుకుందామనుకున్నాను. 'ఆడవాళ్ళు సణుగుతారు' దగ్గర ఇక ఊరుకోలేకపోయాను.
మీ అబ్రాహాము పరుగెత్తాడు, నిజమే. ఎక్కడికి? శారా దగ్గరికి. మూడు మానికల పిండి త్వరగా పిసుకు అని చెప్పడానికి. ఆ మూడు మానికలు ఈనాటి లెక్కలో దాదాపు ఇరవై లీటర్లు. దూడను వండింది పనివాడు. అబ్రాహాము చెట్టుకింద నిలబడ్డాడు. తర్వాతి అధ్యాయంలో లోతు అనే ఆయన ఇంకా గొప్పవాడు, ఇంటిని చుట్టుముట్టిన గుంపు నుంచి అతిథుల్ని కాపాడ్డానికి తన కూతుళ్ళను వాళ్ళ దగ్గరికి బయటికి తెస్తానన్నాడు. ఆ పిల్లల్ని ఎవరైనా అడిగారా?
మా నాన్న సేవకుడు. మా ఇంటి తలుపుకి గడియ పడేది కాదు, ఆయనకు అదొక గర్వం. ఒకసారి వచ్చిన మనిషి అర్ధరాత్రి మేం అక్కచెల్లెళ్ళం పడుకున్న గది తలుపు రెండుసార్లు తోశాడు. అమ్మ లేచి చప్పుడు కాకుండా కుట్టుమిషను ఈడ్చుకొచ్చి తలుపుకి అడ్డం పెట్టింది. పొద్దున నాన్నతో చెబితే 'నీళ్ళకి లేచి ఉంటాడు, దారి తెలియక' అన్నాడు. ఆ మనిషి ఇంకో నాలుగు రోజులున్నాడు. నాలుగు రాత్రులూ కుట్టుమిషను అక్కడే. ఆదివారం నాన్న దేవదూతల మీద ప్రసంగం చేశాడు.
బెనెడిక్టు అధ్యాయం కింద దాకా చదవండి. అతిథుల వంటగది వేరే, దానికి ఇద్దర్ని ఏడాదిపాటు నియమించాలి, పని ఎక్కువైతే సాయం ఇవ్వాలి. ఎందుకంటే వాళ్ళు సణుగుకోకుండా సేవ చేయాలని. ఆయన సాయం ఇచ్చి సణుగుడు ఆపాడు. మీరు వచనం ఇచ్చి ఆపుతున్నారు.

నిశ్శబ్ద_పాఠకుడు:
🙏 సిస్టర్.

మమ్రే_నీడ:
సిస్టర్, మీ నాన్నగారు చేసింది తప్పు. అది నేను సమర్థించను. ఆ మాట కూడా నేను అనాల్సింది కాదు.
కానీ నా వైపూ వినండి. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా అమ్మ మమ్మల్నిద్దర్నీ తీసుకుని రాత్రికి రాత్రి ఇల్లు వదిలి వచ్చేసింది. ఎందుకో అడక్కండి. మందిరం పక్కనే ఉన్న మూడిళ్ళు తట్టాం. మూడూ విశ్వాసులవే. మూడో ఇంట్లో కిటికీలోంచి చూసి లైటు ఆర్పేశారు. ఆ లైటు ఆరడం నాకింకా కళ్ళముందే ఉంది. మందిరం వరండాలో వాన జల్లు కొడుతుంటే అమ్మ మా ఇద్దరి మీద కొంగు కప్పి కూర్చుంది. లోపలివాళ్ళకీ వాళ్ళ కారణాలు ఉండే ఉంటాయి. పిల్లలుండి ఉంటారు. అందుకే ఎవరైనా 'జాగ్రత్త' అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మార్తపక్షం:
మీ అమ్మగారికైతే మా అమ్మ తలుపు తీసేది. నాన్నను అడగకుండానే తీసేది. నేను అంటున్నదీ అదే. తలుపు తీసేది ఎవరు, ఆ రాత్రి మెలకువగా ఉండేది ఎవరు అని.
గుమ్మం_ముందు గారూ, మీరు ఆయన్ని తీసుకొచ్చే ముందు మీ ఆవిడను అడిగారా?

గుమ్మం_ముందు:
ఫోన్ చేశానండి.

మార్తపక్షం:
ఎక్కడినుంచి?

గుమ్మం_ముందు:
గేటు దగ్గరినుంచి. ఆయన పక్కనే ఉన్నాడు.

నిశ్శబ్ద_పాఠకుడు:
😂 అయిపోయారు బ్రదర్.

గుమ్మం_ముందు:
నవ్వండి, తప్పదు. నిన్న రాత్రి ఇదంతా ఆమెకు చూపించాను. కుట్టుమిషను దగ్గర ఆగిపోయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. ఆ రాత్రి తను కూడా పాపను గోడవైపు పడుకోబెట్టుకుని తెల్లారేదాకా కూర్చునే ఉందట. నేను పక్కనే గుర్రుపెట్టి నిద్రపోయాను. ఆ సంగతి నాకు ఇప్పటిదాకా తెలియదు. వద్దని తనెప్పుడూ అనలేదట, ఎవరూ అడగలేదు గనుక. ఇకమీదట ఎవరినైనా తెచ్చేముందు మందిరం దగ్గరే ఉండి ఫోన్ చెయ్యాలి, తను కాదంటే నేనే ఆయనతో పాటు మందిరంలో పడుకోవాలి. ఇది ఆమె షరతు. ఒప్పుకున్నాను. దుప్పటి ఉతికే పని కూడా నాకే పడింది.

మమ్రే_నీడ:
మందిరంలో తోడు పడుకోవడం… ఇది నాకెప్పుడూ తట్టలేదు. ఆ వరండాలో మాతోపాటు ఇంకొక్క మనిషి కూర్చున్నా వేరుగా ఉండేది.

లేఖనజల్లెడ:
అంతా బాగానే ఉంది. మందిరం తాళం ఎవరి దగ్గరుంటుందో ముందు చూసుకోండి, మా దగ్గర అదే పెద్ద గొడవ. ఇంతకీ 25:40కి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు.