తాత రాసిపెట్టిన శ్రద్ధాంజలి మాటలు మార్చాలా? సలహా చెప్పండి

మాది చిత్తూరు, కట్టమంచి. పోయిన వారం మా తాత కాలం చేశారు. తన శ్రద్ధాంజలి ప్రకటన తనే డైరీలో రాసిపెట్టుకున్నారు. అందులో చివరి వాక్యం: "ఓటుకు డబ్బు తీసుకున్నవాళ్లు నా పెద్దకర్మకు రావద్దు."

అదే మాటతో వీధి చివర ఫ్లెక్సీ కట్టించాం. ఎవరో ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. "అయితే వేసిన ఆకులన్నీ మిగిలిపోతాయి" అని ఊరంతా ఒకటే నవ్వు. నాకూ నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. బంధువులు కొందరు అలిగారు. నాయన టెన్షన్‌తో సరిగ్గా తినడం లేదు. ప్రకటన ఇద్దామని వెళ్తే ఒక పేపర్ ఆఫీసులో ఆ వాక్యం తీసేయమన్నారు.

తాతకు ఇది సరదా కాదు. ఎమర్జెన్సీ పెట్టాక, 1975 జూన్ 28న టైమ్స్ ఆఫ్ ఇండియా బొంబాయి ఎడిషన్‌లో ప్రజాస్వామ్యం చనిపోయిందంటూ ఒక ప్రకటన వచ్చింది. సత్యానికి భర్త, స్వేచ్ఛకు తండ్రి అని మనిషి పోయినట్టే రాశారు. సెన్సార్ ఉన్న రోజుల్లోనే అది అచ్చయిందని తాత ఎన్నిసార్లు చెప్పేవారో!

పెద్దకర్మ ఆదివారం. ఆయన మాట పోకుండా, వచ్చేవాళ్లు నొచ్చుకోకుండా ఆ వాక్యం ఎలా రాయాలి? ఇలాంటిది మీ ఇంట్లో జరిగితే ఏం చేశారు?