పాప రాజహంసలు చూపించమంటోంది, ఈ ఆదివారం ఏ చెరువుకి వెళ్ళాలి?

మియాపూర్_అమ్మ:
మా పాపకి తొమ్మిదేళ్ళు. అమీన్‌పూర్ చెరువుకి రాజహంసలు వస్తాయని క్లాసులో ఎవరో చెప్పారట, అప్పట్నించి ఇంట్లో ఇదే పాట. 8×42 బైనాక్యులర్స్ కూడా కొన్నాం. ఎన్నింటికి చేరుకోవాలి? అమీన్‌పూర్ మంచిదా, గండిపేటా, లేక మంజీరా దాకా పోవాలా? కారు గట్టు దాకా వెళ్తుందా? దగ్గర్లో బాత్రూం ఉంటుందా? ఆడపిల్లతో వెళ్తున్నా కాబట్టి చివరిది నాకు ముఖ్యం.

గట్టుమీద_నేను:
రాజహంసల సంగతి నీళ్ళని బట్టి ఉంటుందండీ. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, తల తిరగేసి ముక్కుతో బురదనీళ్ళు వడగట్టుకుని తినే పక్షి అది. చెరువు అంచుల దాకా నిండి ఉంటే దానికి నిలబడే చోటే ఉండదు. వానలు బాగా పడిన ఏడు డిసెంబర్‌లో వెళ్ళి ఒక్కటీ లేదని తిట్టుకుంటూ వచ్చేవాళ్ళని చాలామందిని చూశాను. నేనూ పోయినేడు వరసగా మూడు ఆదివారాలు ఉత్త చేతులతో వచ్చి, నీళ్ళు తగ్గి బురద తేలాక ఫిబ్రవరిలో వెళ్తే అప్పుడు కనిపించాయి. బాతులకి ఈ బాధ లేదు, నిండు చెరువులో కూడా దొరుకుతాయి. సూదితోక బాతు, గరిటెముక్కు బాతు పాపకి ముందు చూపించండి, తోక, ముక్కు చూసి తనే గుర్తుపడుతుంది. 6:45కల్లా గట్టు మీద ఉండాలి, ఎండ మీ వీపు వైపు ఉండాలి. ఎదురెండలో చూస్తే అన్నీ నల్లగానే కనిపిస్తాయి.

పాతపద్యం:
ముందుగా ఒక మాట. మీరు చెప్పేవి ఫ్లెమింగోలు, రాజహంసలు కావు. పేపర్ల వాళ్ళు రాసీ రాసీ అందరికీ అదే అలవాటైంది. మానస సరోవరం నుంచి హిమాలయాలు దాటి వచ్చే హంస అంటే బార్ హెడెడ్ గూస్, తల వెనక రెండు నల్ల పట్టెలుండే బాతు. టిబెట్ పీఠభూమి సరస్సుల దగ్గర గుడ్లు పెట్టి, చలికాలం మన మంజీరా దాకా వచ్చేది అదే. పిల్లలకి మొదటి రోజే తప్పు పేరు నేర్పించకండి.

నీటికాకి:
మాస్టారూ, అమరకోశంలో రాజహంస అంటే ఏమని ఉంది? తెల్లని ఒళ్ళు, ఎర్రని ముక్కు, ఎర్రని కాళ్ళు. మీ పట్టెతల బాతు ఒళ్ళు బూడిద రంగు, ముక్కు పసుపు. ఎక్కడ కుదిరింది? ఫ్లెమింగోకి పోల్చి చూడండి, ముక్కాలు పాళ్ళు సరిపోతుంది.

పాతపద్యం:
ఫ్లెమింగో ముక్కు కొన నలుపు. రెక్క తెరిస్తే గులాబీ, అంచులు నలుపు. దాన్ని తెల్లని ఒళ్ళు అంటారా? మానస సరోవరం మాట ఏం చేశారు? మీకు అనుకూలమైన ముక్క ఒక్కటి పట్టుకుని వాదిస్తే ఎట్లా? ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి, నాకు అమరకోశం మీరు నేర్పక్కర్లేదు.

నీటికాకి:
నేర్పడం లేదండీ, ఉన్నది చెప్పాను. వయసు చూపించి నోరు మూయించకండి.

సూళ్ళూరుపేట_నుంచి:
పులికాట్ పక్కన పుట్టి పెరిగాను. మా దగ్గర ఫ్లెమింగో పండగే జరుగుతుంది, వచ్చేవాళ్ళలో సగం మంది రాజహంస అనే అంటారు. జనం నోట్లో ఉన్న పేరు తప్పెట్లా అవుతుంది? నేలపట్టులో పెలికాన్‌ని గూడబాతు అంటాం, అది బాతు కాదు కదా, ఎవరూ అభ్యంతరం చెప్పరు. పైగా గూడబాతుల రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పారితే పైరు బాగుంటుందని ఊళ్ళో వాటిని ఇంటి పిల్లల్లా చూసుకుంటారు. హైదరాబాద్‌లో చెరువు పక్కన ఫ్లాటు కొన్నవాళ్ళు అట్లా చూస్తే చాలు.

600ఎంఎం:
పేరు గొడవ తర్వాత. మంచి ఫోటో కావాలంటే టిప్ చెప్తా. గుంపు నీళ్ళలో కూర్చుని ఉంటే గట్టు మీద నుంచి గట్టిగా చప్పట్లు కొట్టండి, లేదా ఒక మట్టిగడ్డ దూరంగా వేయండి, అన్నీ ఒకేసారి లేస్తాయి. ఆ షాట్ ముందు ఇంకేదీ పనికిరాదు. నా దగ్గర అట్లాంటివి రెండొందలకి పైనే ఉన్నాయి.

గట్టుమీద_నేను:
ఈ మాట ఇక్కడ రాయకండి, పిల్లలు చదువుతారు. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చిన బాతు అది, మార్చిలోగా మళ్ళీ అంత దూరం పోవడానికి ఒంట్లో కొవ్వు పట్టించుకోవాలి. చాలా బాతులు రాత్రి మేసి పగలు నీళ్ళ మీద కునుకు తీస్తాయి. మీరు పొద్దున లేపారు, ఏడున్నరకి ఇంకొకరు లేపారు, ఎనిమిదికి డ్రోన్ వచ్చింది. అది తినేదెప్పుడు, పడుకునేదెప్పుడు?

600ఎంఎం:
ఒక్క చప్పట్లకి చచ్చిపోవు. పక్కనే అపార్ట్‌మెంట్ల డీజేలు వినిపించడం లేదా? వాళ్ళని అడగండి ముందు. లెన్సు మోసుకుని నాలుగింటికి లేచి వచ్చేది నేను, మీరు గట్టు మీద టీ తాగి సుద్దులు చెప్తారు.

జనవరి_లెక్క:
నేను 1996 నుంచి ఏటా జనవరిలో జరిగే నీటిపక్షుల గణనలో చెరువుల దగ్గర నిలబడి లెక్కపెడుతున్నాను, కాబట్టి ఈ విషయం తెలిసే చెప్తున్నా. ఐదొందల బాతుల గుంపుని సగం లెక్కపెట్టాక ఎవరో లేపితే మళ్ళీ మొదటి నుంచి పెట్టాలి. ఒకే పొద్దున మూడుసార్లు అట్లా జరిగింది నాకు. చెరువు అవతలి ఒడ్డుకి పోయాయా, పూర్తిగా వెళ్ళిపోయాయా తెలియదు, ఆ రోజు కాగితం మీద అంకె తప్పే. పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి సర్వే చేశాడంటే, ఇప్పుడు మనం ఏది తగ్గింది, ఏది పెరిగింది అని పోల్చుకోగలుగుతున్నాం. సరైన లెక్క అంత విలువైనది. 600 గారూ, దయచేసి మానేయండి.

బీరంగూడ_పిల్ల:
నేను చప్పట్ల కంటే పెద్ద విషయం చెప్తా. పోయిన సంక్రాంతి మర్నాడు గట్టు పక్క తుమ్మ చెట్టుకి ఒక తెల్ల కొంగ తలకిందులుగా వేలాడుతోంది. మాంజా. ఎడమ రెక్క మడత దగ్గర చుట్టుకుని ఎముక దాకా కోసింది, రక్తం ఎండిపోయి ఈకలు అట్టకట్టాయి, అయినా మమ్మల్ని చూసి ముక్కు తెరిచి పొడవబోయింది. మా అన్నయ్య చెట్టెక్కి దారాన్ని లాగకుండా రెండు పక్కలా కత్తిరించాడు. లాగితే ఇంకా లోపలికి దిగుతుంది, అది గుర్తుపెట్టుకోండి. తువ్వాలు తల మీద కప్పగానే కదలడం మానేసింది. చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో పెట్టి పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. నోట్లో నీళ్ళు పోయలేదు, పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రెక్క పోయింది గానీ ప్రాణం ఉంది. నైలాన్ మాంజాని గ్రీన్ ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది, మా సందు చివర కొట్లో మాత్రం చుట్టలు చుట్టలుగా అమ్ముతున్నారు. సంక్రాంతి తర్వాత చెరువుకి వెళ్ళేవాళ్ళు ఒక కత్తెర, సంచి తీసుకెళ్ళండి. కనిపించిన దారమల్లా ఏరండి.

నీటికాకి:
చెల్లీ, మంచి పని చేశారు. అమీన్‌పూర్‌ని 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, దేశంలో నగరం పక్క చెరువుకి ఆ గుర్తింపు రావడం అదే మొదలు. ఆ గట్టు మీదే మాంజాకి కొంగలు వేలాడుతుంటే మనం రాజహంస పేరు మీద కొట్టుకుంటున్నాం.

పాతపద్యం:
కొట్టుకున్నది మీరు. పేరు సంగతి నేను ఇప్పటికీ ఒప్పుకోను. దారం ఏరడానికి ఎప్పుడు వెళ్తున్నారో చెప్పండి, నేనూ వస్తా.

600ఎంఎం:
మాంజా ఏరేటప్పుడు నన్నూ పిలవండి. చప్పట్ల గురించి మాత్రం నా మాట మార్చుకోను, ఫోటోలు చూసే కదా జనం చెరువుకి వస్తున్నారు.

జనవరి_లెక్క:
వచ్చాక లేపడానికి.

మియాపూర్_అమ్మ:
అందరికీ థాంక్స్. పాపకి చదివి వినిపించాను, కొంగ కథ దగ్గర ఏడ్చింది, ఇప్పుడు కత్తెర తనే పట్టుకుంటానంటోంది. మొండి కత్తెర ఇస్తాను. కానీ నేనడిగిన కారు సంగతి, బాత్రూం సంగతి ఎవరూ చెప్పలేదు.

బీరంగూడ_పిల్ల:
అక్కా, చెరువు దగ్గర బాత్రూం ఉంటుందని నమ్ముకోకండి. వచ్చే దారిలో పెట్రోల్ బంకులో ముగించుకుని రండి, నేను ఎప్పుడూ అదే చేస్తా. కారు కాలనీ రోడ్డు మీదే ఆపి నడవండి, గట్టు మీదికి తెస్తే తిప్పుకోవడం కష్టం. పాపకి ఎరుపు, తెలుపు స్వెటర్ వద్దు, ఆకుపచ్చో మట్టిరంగో వేయండి. ఆదివారం నేనూ అక్కడే ఉంటా, తుమ్మ చెట్టు దగ్గర.