పిల్లల ఆసుపత్రిలో నాణ్యత బాధ్యత తీసుకున్న డాక్టరు ఓపీ మానుకోవాలా?

సూర్యారావుపేట డాక్టరు:
నమస్కారం. నేను విజయవాడలో పిల్లల వైద్యుడిని, ఎండీ పూర్తిచేసి పదహారేళ్లయింది. మా ఆసుపత్రి యాజమాన్యం నన్ను నాణ్యత, రోగి భద్రత విభాగానికి అధిపతిగా ఉండమంటోంది. అయితే ఓపీ, వార్డు రౌండ్లు పూర్తిగా వదిలేయాలని షరతు పెట్టింది. ఆ పని మీద నాకు నిజంగా ఆసక్తి ఉంది, కానీ ఒకసారి పరిపాలనలోకి వెళ్లినవారు మళ్లీ వైద్యంలోకి రాలేరని ఇంట్లోవాళ్లు భయపడుతున్నారు. అనుభవం ఉన్న పెద్దలు చెప్పగలరు.

గుంటూరు క్వాలిటీ మేనేజరు:
డాక్టరుగారూ, వదిలేయాలనే నా అభిప్రాయం. పదకొండేళ్లుగా నేను ఈ విభాగంలోనే ఉన్నాను. ఓపీ చూసే డాక్టరు అధిపతిగా ఉన్నచోట ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ కమిటీ సమావేశం రెండింటికి పెడితే నాలుగింటికి మొదలవుతుంది. బయట నలభై మంది తల్లులు టోకెన్లు పట్టుకుని కూర్చుంటే ఆయన మాత్రం లేచి ఎలా వస్తారు? అంతకంటే ముఖ్యమైనది డబ్బు సంగతి. అడ్మిషన్ల మీద వాటా తీసుకునే కన్సల్టెంటు, తనలాగే వాటా తీసుకునే మరో కన్సల్టెంటును పట్టుకుని "ఈ బిడ్డకు ఇంత ఖరీదైన యాంటీబయాటిక్ ఎందుకు రాశారు" అని గట్టిగా అడగడం నేను ఇంతవరకు చూడలేదు.

కొత్తపేట విశ్రాంత వైద్యుడు:
వాటా విషయంలో మేనేజరుగారి మాట అక్షరాలా నిజం. ఆ పదవిలో ఉన్నవారు నెలజీతం తప్ప మరేమీ తీసుకోకూడదు. ఓపీ మానేయాలన్న మాటను మాత్రం నేను ఒప్పుకోలేను. రెండు పనులూ కలిపి తొమ్మిదేళ్లు చేసిన మీదట చెబుతున్నాను.

ఒకరోజు ఓపీలో రేపల్లె వైపు నుంచి వచ్చిన ఒక తల్లి సంచిలోంచి రెండు పారాసిటమాల్ సీసాలు తీసి నా బల్ల మీద పెట్టింది. ఒకటి చుక్కల మందు, మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు. రెండోది సిరప్, 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు. ఆమె బిడ్డ బరువు పది కిలోలు. కిలోకు 15 చొప్పున 150 మిల్లీగ్రాములు పట్టాలంటే సిరప్ ఆరు మిల్లీలీటర్లు కావాలి, చుక్కల మందైతే ఒకటిన్నర చాలు. మేమిచ్చిన డిశ్చార్జి కాగితంలో "6 ఎంఎల్" అని మాత్రమే ఉంది, ఏ సీసాలోంచో రాయలేదు. ఆమె చుక్కల మందే ఆరు కొలవబోయి, ఇంత చిన్న సీసాలో దాదాపు సగం ఒక్క పూటకేనా అని అనుమానం వచ్చి బస్సెక్కి మా దగ్గరకు వచ్చింది. పోసి ఉంటే నాలుగు రెట్ల మోతాదు ఆ బిడ్డ కడుపులోకి పోయేది. ఆ నెల మా నివేదికలో "డిశ్చార్జి సమయంలో మందుల వివరణ" అన్న గడిలో ప్రతి కేసుకూ టిక్కు ఉంది, దాని కింద సంతకం నాదే. ఆ రోజు నేను ఓపీలో లేకపోతే ఆ టిక్కులనే నమ్ముకుని ఉండేవాణ్ని. ఆ వారంలోనే మిల్లీగ్రాములు, మిల్లీలీటర్లు, మందు గాఢత మూడూ రాయడం, సిరంజి మీద గీత గీసి తల్లి చేతనే ఒకసారి కొలిపించి చూడడం మొదలుపెట్టాం.

ఈ రంగానికి దారి చూపినవారిలో ఒకరైన డోనాల్డ్ బెర్విక్ కూడా పిల్లల వైద్యుడే, బోస్టన్‌లో పిల్లలను చూస్తూనే నాణ్యత కొలతల పని చేపట్టారు. డ్యూటీ మారేటప్పుడు ఒక డాక్టరు మరొకరికి కేసు అప్పగించే తీరును సరిదిద్దిన ఐ-పాస్ పద్ధతిని కూడా వార్డుల్లో ఉన్న పిల్లల వైద్యులే రూపొందించారు. తొమ్మిది ఆసుపత్రుల పిల్లల వార్డుల్లో దాన్ని అమలుచేస్తే వైద్యంలో పొరపాట్లు 23 శాతం, నివారించదగిన హాని 30 శాతం తగ్గినట్లు 2014లో ప్రచురించారు. రాత్రి డ్యూటీ దిగేటప్పుడు ఏది మరచిపోతామో స్వయంగా ఎరిగినవారికే అటువంటి ఆలోచన వస్తుంది.

మన దగ్గర ప్రభుత్వ ఆసుపత్రులకు 2013లో ఎన్‌క్వాస్ అనే జాతీయ నాణ్యతా ప్రమాణాలు, పిల్లల సేవల నాణ్యత కోసం 2021లో ముస్కాన్ కార్యక్రమం వచ్చాయి. పని పెరిగింది కానీ, ఆ పని చేసిన డాక్టరుకు పదోన్నతిలో దాన్ని లెక్కించేవారు కనబడరు. మీ ఇంట్లోవాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు.

ఎన్‌ఐసీయూ (నవజాత శిశువుల ఐసీయూ) సిస్టర్, విజయవాడ:
సార్, ఒక మాట చెప్పుకోవాలి. ఒక రాత్రి మా జూనియర్ సిస్టర్ మందును కొద్దికొద్దిగా ఎక్కించే ఇన్‌ఫ్యూజన్ పంపులో గంటకు 0.5 మిల్లీలీటర్ల బదులు 5 పెట్టింది. పక్క బెడ్ సిస్టర్ వెంటనే చూసి సరిచేసింది, బిడ్డకు ఏమీ కాలేదు. అయినా ఆ అమ్మాయి, జరిగిన పొరపాటును నమోదుచేసే ఇన్సిడెంట్ ఫారం రాయనంది. కారణం, ఆ ఫారం చదివే డాక్టరుగారే పొద్దున్నే రౌండుకు వచ్చి అందరి ముందూ కేకలేస్తారు. రాసి ఉంటే, ఆ పంపు తెరపై దశాంశ చుక్క సరిగ్గా కనబడడం లేదన్న సంగతి ఆరు వారాల ముందే బయటపడేది.

కొత్తపేట విశ్రాంత వైద్యుడు:
సిస్టర్‌గారు చెప్పిన ఈ చిక్కు నాకు అప్పట్లో తట్టలేదు, నా దగ్గరా కొన్ని ఫారాలు రాకుండా పోయి ఉంటాయి. ఎన్‌ఐసీయూలో రౌండ్లు తీసే డాక్టరు ఎన్‌ఐసీయూ ఫారాలు చదవకూడదు. అవి పేరు లేకుండా ముందు మేనేజరుగారి వంటివారికి చేరాలి.

సూర్యారావుపేట డాక్టరు:
అందరికీ కృతజ్ఞతలు. వారానికి మూడు ఉదయాలు ఓపీ, వాటా లేని నెలజీతం, నేను రౌండ్లు తీసే వార్డు ఫారాలు నా చేతికి రాకపోవడం. ఈ మూడింటినీ కాగితం మీద రాసి సోమవారం యాజమాన్యానికి ఇస్తున్నాను. సిస్టర్‌గారూ, ఆ పంపు సంగతి విన్నాక నిన్న మా ఎన్‌ఐసీయూ పంపుల తెరలు ఒక్కొక్కటిగా చూశాను. రెండింటిలో చుక్క కనబడడం లేదు, పక్కన పెట్టించాను.